కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎర్తింగ్, బాండింగ్: గుంత తవ్వడం నుంచి చార్జింగ్ దాకా

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చోగానే అందరూ అడిగేది ఒక్కటే, కరెంటు ఎప్పుడిస్తారని. ఆ తొందరలో ఎర్తింగ్ పనిని, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను గుంతల్లోని లోహపు పైపుల ద్వారా భూమికి కలిపే పనిని, చివరికి నెట్టేస్తారు. రెండు గుంతలు తవ్వి, కాస్త బొగ్గూ ఉప్పూ పోసి, మిగిలిపోయిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ బిగించి అయిందనిపిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ ఆ రోజు బాగానే నడుస్తుంది. ఎర్తింగ్ అసలు లేకపోయినా అది నడుస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. లోపం బయటపడేది మొదటి ఫాల్ట్ (కరెంటు దారి తప్పి లోహపు బాడీకో, భూమికో తగలడం) వచ్చిన రోజున. ఆ సమయానికి ప్యానెల్ తలుపు పట్టుకుని ఉన్నది వాచ్‌మన్ కావచ్చు, లిఫ్ట్ బటన్ నొక్కుతున్న పిల్లాడు కావచ్చు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే ఒక కేసును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను: అపార్ట్‌మెంట్ ఆవరణలో దిమ్మె మీద పెట్టిన 160 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్. హెచ్‌టీ (11 కేవీ) వైపు చుట్లు డెల్టాగా, ఎల్‌టీ (433 వోల్టుల) వైపు స్టార్‌గా కలిసి ఉంటాయి, స్టార్ మధ్య బిందువైన న్యూట్రల్‌కు బుషింగ్ (కొసను ట్యాంకులోంచి బయటికి తెచ్చే ఇన్సులేటర్) బయటికి ఉంటుంది. రైస్ మిల్లుకైనా, చిన్న ఫ్యాక్టరీకైనా పద్ధతి ఇదే. ఈ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి, చార్జింగ్‌కు ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్, డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతులు ఉండాలి. అసోసియేషన్ తరఫున దగ్గరుండి చూసేవారికీ, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వైర్‌మన్‌కూ ఏది ఎందుకు చేస్తున్నారో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు లెక్క: గుంత ఏం చేస్తుంది, బాండింగ్ ఏం చేస్తుంది

"ఎర్త్ బాగుంటే ఫాల్ట్ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది" అని చాలామంది నమ్ముతారు. ఎల్‌టీ వైపు ఇది నిజం కాదు. కాగితం మీద వేసి చూడండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250 వోల్టులు. మోటారు బాడీకి ఫేజు తగిలింది. ఆ మోటారుకు విడిగా 5 ఓముల గుంత ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ గుంతలది ఇంకో 5 ఓములు. భూమి గుండా పోయే కరెంటు 250ని 10తో భాగిస్తే 25 ఆంపియర్లు. 63 ఆంపియర్ల ఫ్యూజు దీన్ని మామూలు లోడు అనుకుంటుంది. మోటారు బాడీ మీద 125 వోల్టులు అలాగే నిలిచిపోతాయి, ఎవరైనా ముట్టుకునే దాకా.

అదే మోటారు బాడీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దాకా తెగకుండా లోహపు దారి ఉంటే ఆ దారి నిరోధం ఓములో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అప్పుడు పారేది వేల ఆంపియర్లు, ఫ్యూజు రెప్పపాటులో పోతుంది. ఈ లోహపు దారినే బాండింగ్ అంటున్నాం. ఎల్‌టీ ఫాల్ట్‌ను తెగ్గొట్టేది ఇదే.

హెచ్‌టీ వైపు కథ వేరు. 11 కేవీ ఫేజు ట్యాంకుకు తగిలితే కరెంటు తిరిగి వెళ్లాల్సింది ఎక్కడో ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు, మధ్యలో ఉన్నది చాలావరకు మట్టే. ఫేజుకూ భూమికీ మధ్య దాదాపు 6350 వోల్టులు. మీ ఎర్త్ 5 ఓములు, లైనూ సబ్‌స్టేషనూ కలిపి ఇంకో ఓమున్నర అనుకుంటే సుమారు 1000 ఆంపియర్లు పారతాయి. బ్రేకర్ పడేలోపు ట్యాంకు మీద కనిపించేది దాదాపు 5000 వోల్టులు. ఇక్కడ గుంత నిరోధం ఎంత తగ్గితే అంత మేలు.

కాబట్టి మంచి గుంతలు ఉన్నాయి కదా అని బాండింగ్ వదిలేయడానికి లేదు, బాండింగ్ ఉంది కదా అని గుంతల్లో కక్కుర్తి పడడానికీ లేదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటిలో ఏదో ఒకదానికి సంబంధించిందే.

1వ అడుగు: గుంతలు ఎన్ని, ఎక్కడ

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు, ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3043 చెప్పే కనీస మాట ఇది: న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు, ట్రాన్స్‌ఫార్మర్ బాడీకి రెండు వేర్వేరు కనెక్షన్లు. ఒకటి తెగినా రెండోది పట్టుకోవాలి. లైటనింగ్ అరెస్టర్లకు (పిడుగు వోల్టేజీని భూమికి మళ్లించే పరికరాలకు) ఇంకొకటి. మొత్తం ఐదు గుంతలు.

పైపు పొడవు 2.5 మీటర్లయితే గుంతకూ గుంతకూ మధ్య కనీసం 5 మీటర్లు ఉండాలి, అంటే పొడవుకు రెట్టింపు. స్థలం లేదని మీటరు దూరంలో రెండు గుంతలు తవ్వితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, ఖర్చు రెండు గుంతలది, ఫలితం దాదాపు ఒకటిన్నర గుంతదే. గోడ పునాదికి మీటరున్నర దూరం వదలండి.

పల్లెల్లో డబుల్ పోల్ మీద ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు మూడు గుంతల పద్ధతి వాడుకలో ఉంది. ఒకటి అరెస్టర్లకు, మిగతా రెండింటికి న్యూట్రల్ నుంచీ, బాడీ నుంచీ, స్తంభాల నుంచీ విడివిడి తీగలు వస్తాయి. అక్కడ గుంతలు తగ్గాయి గానీ విడివిడిగా దిగాలన్న నియమం తగ్గలేదు.

2వ అడుగు: మీ నేల ఏమిటో తెలుసుకోండి

ఒక సులువైన లెక్క గుర్తుంచుకోండి. నేల రెసిస్టివిటీ (మట్టి కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) ఓమ్ మీటర్లలో ఎంత ఉందో, అందులో దాదాపు మూడో వంతు ఓములు ఒక్క 2.5 మీటర్ల పైపు ఇస్తుంది. తడి నల్లరేగడిలో రెసిస్టివిటీ 10 ఉంటే ఒక్క పైపు మూడున్నర ఓముల దగ్గర ఆగుతుంది. ఎర్రచల్కాలో 100 ఉంటే అదే పైపు ముప్పై పైచిలుకు చూపిస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒకటి రెండు గుంతలకే మంచి రీడింగ్ వచ్చి, హైదరాబాద్ రాతి నేలల్లో ఐదు గుంతలు వేసినా రాకపోవడానికి కారణం ఇదే. పనివాడి తప్పు ప్రతిసారీ ఉండదు.

పైపు లావు పెంచితే లాభం పెద్దగా లేదు. 40 మి.మీ. బదులు 80 మి.మీ. వేస్తే నిరోధం పన్నెండు శాతం దాకా తగ్గుతుంది. పొడవు రెట్టింపు చేస్తే నలభై శాతం పైగా తగ్గుతుంది. డబ్బు లోతు మీద పెట్టండి.

రాయి తగిలి లోతుకు వెళ్లలేకపోతే పైపును అడ్డంగా కోసి పూడ్చేయకండి. కంటికి కనిపించదు కాబట్టి చాలాచోట్ల జరిగే మోసం ఇదే. దానికి బదులు 25×4 మి.మీ.కు తగ్గని జీఐ ఫ్లాట్‌ను (బల్లపరుపు పట్టీని) అర మీటరు పైగా లోతున, 15 మీటర్లకు తగ్గకుండా కందకంలో పరచండి. ఐఎస్ 3043 ఒప్పుకునే పద్ధతే ఇది.

3వ అడుగు: గుంత నింపడం

40 మి.మీ. జీఐ పైపు, 2.5 మీటర్లకు తగ్గకుండా, ఒంటినిండా 12 మి.మీ. రంధ్రాలతో. గుంత మధ్యలో నిలువుగా నిలబెట్టి చుట్టూ నింపాలి.

బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం పాత అలవాటు. మొదటి సంవత్సరం రీడింగ్ చాలా బాగా వస్తుంది. వానలకు ఉప్పు కరిగి దిగిపోతుంది, పోతూ పోతూ పైపును తినేస్తుంది. తీర ప్రాంతంలో నేలలోనే ఉప్పు ఉంటుంది, అక్కడ ఇంకా ఉప్పు పోయడం చేతులారా తుప్పు తెచ్చుకోవడమే. నా సలహా బెంటోనైట్ అనే బంకమట్టి. అది నీటిని పట్టి ఉంచుతుంది, ఉబ్బి పైపుకూ మట్టికీ మధ్య సందు లేకుండా చేస్తుంది. ముద్దగా కలిపి పోయండి, పొడిగా పోసి పైన నీళ్లు చల్లితే లోపల గాలి గుల్లలు మిగులుతాయి. పైన జల్లెడ మట్టి వేసి అడుగడుగుకూ దిమ్మిస కొట్టాలి. తవ్వినప్పుడు వచ్చిన రాళ్లు, సిమెంటు పెళ్లలు మళ్లీ అందులోకి వెళ్లకూడదు.

పైపు పైభాగానికి నీళ్లు పోయడానికి జాలీ ఉన్న గరాటు, చుట్టూ ఇటుకల గూడు, మీద తెరవగలిగే మూత పెట్టండి. మూతను టైల్స్ కింద కప్పేసిన అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి. అలా చేశాక ఆ గుంతను ఎవరూ పరీక్షించలేరు.

4వ అడుగు: గుంతలన్నిటినీ కలిపే రింగ్

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ 600 మి.మీ. లోతున 50×6 మి.మీ. జీఐ ఫ్లాట్‌ను రింగ్‌గా తిప్పి ఐదు గుంతలనూ దానికి కలపండి. ఈ రింగ్ ఉత్త కలిపే తీగ అనుకోవద్దు. 60 ఓమ్ మీటర్ల నేలలో ఒక్క పైపు 20 ఓములు ఇస్తే, 40 మీటర్ల ఫ్లాట్ ఒక్కటే 3 ఓముల దగ్గరికి తెస్తుంది. మట్టిలో పూడ్చిన ఫ్లాట్ కూడా ఎలక్ట్రోడే, అంటే పైపులాగే కరెంటును మట్టిలోకి దింపేదే. దానికి పెయింటు వేయకండి, పీవీసీ పైపులో తొడగకండి.

సైజు సరిపోతుందా అన్నది చూద్దాం. 160 కేవీఏకు ఫుల్‌లోడ్ కరెంటు 213 ఆంపియర్లు. ఇంపీడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ సొంత అడ్డంకి) 4.5 శాతం అనుకుంటే ఎల్‌టీ ఫాల్ట్ 4700 ఆంపియర్ల పైచిలుకు. స్టీలు ఒక సెకను పాటు చదరపు మిల్లీమీటరుకు 80 ఆంపియర్లు భరిస్తుంది. అంటే 60 చ.మి.మీ. చాలు. 25×6 ఫ్లాట్‌కు 150 ఉంది, 50×6కు 300 ఉంది. మిగిలింది ఇరవై ఏళ్ల తుప్పు కోసం. హెచ్‌టీ వైపు మీ ఫీడర్ ఫాల్ట్ స్థాయి ఎంతో డిస్కమ్‌ను అడిగి ఇదే లెక్క వేయండి.

ఫ్లాట్ మీద ఫ్లాట్ అతికేటప్పుడు దాని వెడల్పుకు కనీసం రెట్టింపు ఒకదానిపై ఒకటి రావాలి, నాలుగు వైపులా వెల్డింగ్ పడాలి. వెల్డింగ్ వేడికి జింకు పూత కాలిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. స్లాగ్ కొట్టేసి జింక్ ప్రైమర్, దానిపై బిట్యుమిన్ పూయండి. పూడ్చే ముందు ప్రతి అతుకునూ ఫోటో తీసి పెట్టుకోండి.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆవరణలో నేను కోరేది రింగూ గుంతలూ కలిసిన ఈ మొత్తం గ్రిడ్ నిరోధం 1 ఓము లోపు రావాలని. డీటీఆర్‌కు (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు) 5 ఓముల లోపు అన్నది మన దగ్గర వాడుకలో ఉన్న హద్దు, కానీ న్యూట్రలూ బాడీ ఒకే గ్రిడ్ మీద ఉన్నప్పుడు హెచ్‌టీ ఫాల్ట్‌లో లేచే వోల్టేజీ న్యూట్రల్‌కూ ఎక్కుతుంది. అందుకే భవనం పునాది ఇనుము, లిఫ్ట్ గైడ్ రైళ్లు, లోహపు నీటి పైపులు కూడా ఇదే గ్రిడ్‌కు కలిసిన ఎర్త్ బస్‌కు (ఎర్త్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీకి) బాండ్ చేయాలి. అన్నీ కలిసి లేస్తే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా ఉండదు, తేడా లేనిచోట షాక్ ఉండదు.

5వ అడుగు: న్యూట్రల్

అన్నిటికంటే ఓపికగా చేయాల్సింది ఇదే. న్యూట్రల్ బుషింగ్ నుంచి రెండు ఫ్లాట్లు విడివిడిగా దిగి రెండు న్యూట్రల్ గుంతలకు పోవాలి. ఒకే ఫ్లాట్ దింపి కింద రెండుగా చీలిస్తే అది ఒక్క కనెక్షనే.

బుషింగ్ దగ్గర నిలబడి చూడండి. ఇత్తడి స్టడ్, దాని మీద లోడు న్యూట్రల్ కేబుల్ అల్యూమినియం లగ్, దానిపైనే జీఐ ఫ్లాట్, అన్నీ ఒకే నట్టు కింద కుక్కేసి ఉంటాయి. ఆ నట్టు కాస్త వదులైతే లోడు న్యూట్రల్, ఎర్త్ రెండూ ఒకేసారి పోతాయి. న్యూట్రల్ పోతే ఒక ఫేజు ఇళ్లలో లైట్లు మసకబారి ఇంకో ఫేజు ఇళ్లలో 350 వోల్టులు దాటి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. స్టడ్‌కు తగిన పామ్ కనెక్టర్ వేసి, లోడు లగ్‌కు ఒక బోల్టు, ఎర్త్ ఫ్లాట్లకు వేరే బోల్టులు ఇవ్వండి. అల్యూమినియం, రాగి కలిసేచోట బైమెటాలిక్ (రెండు లోహాల) లగ్ తప్పనిసరి. స్టడ్ దగ్గర జీఐని నేరుగా రాగికి ఆనించకుండా తగరం పూసిన రాగి ముక్క మధ్యలో పెట్టండి.

ఫ్లాట్ బరువు బుషింగ్ మీద పడకూడదు. పడితే గ్యాస్కెట్ ఒకవైపు నలిగి కొన్ని నెలల్లో ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. ట్యాంకుకు పక్కన ఇన్సులేటర్ల మీద క్లాంపులు వేసి ఫ్లాట్‌ను మోయించండి, బుషింగ్‌కు మెత్తటి రాగి జంపర్ మాత్రమే వెళ్లాలి. న్యూట్రల్ ఫ్లాట్ దిగే దారిలో ట్యాంకుకు ఎక్కడా తగలకూడదు. అవి కలవాల్సింది కింద, గ్రిడ్‌లో.

న్యూట్రల్ ఎర్త్‌తో కలిసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రమే. ఎల్‌టీ ప్యానెల్లో, ఫ్లోర్ బోర్డుల్లో న్యూట్రల్ బస్‌నూ ఎర్త్ బస్‌నూ మళ్లీ కలిపితే న్యూట్రల్ కరెంటులో కొంత ప్యానెల్ బాడీల గుండా, లిఫ్ట్ ఫ్రేముల గుండా రోజంతా పారుతుంది. ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్‌లు) ఊరికే ట్రిప్ అవుతాయి. విసుగొచ్చి ఎవరో వాటిని బైపాస్ చేస్తారు. జనరేటర్ ఉంటే దాని న్యూట్రల్‌కు సొంత రెండు ఎర్త్‌లు ఇచ్చి, నాలుగు పోళ్ల చేంజోవర్ (మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌నూ మార్చే స్విచ్) పెట్టండి.

6వ అడుగు: బాడీ, చుట్టూ ఉన్న లోహమంతా

ట్యాంకు అడుగున ఎదురెదురుగా రెండు ఎర్త్ టెర్మినళ్లు ఉంటాయి, పక్కన ఎర్త్ గుర్తు ఉంటుంది. ఫ్యాక్టరీ పెయింటు టెర్మినల్ ముఖం మీద కూడా పడి ఉంటుంది. ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకి, వెంటనే ఫ్లాట్ బిగించి, ఆ తర్వాత బయటి నుంచి పెయింటు వేయండి. పెయింటు మీద బిగించిన బోల్టు చూపుకు గట్టిగా ఉంటుంది, కరెంటుకు మాత్రం తలుపు మూసినట్టే. ప్రతి జాయింటుకు రెండు బోల్టులు, స్ప్రింగ్ వాషర్లతో.

తర్వాత ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి: 11 కేవీ కేబుల్ ఆర్మర్ (లోహపు కవచం), గ్లాండ్ (కేబుల్‌ను బిగించే లోహపు బిరడా), కేబుల్ బాక్స్, ట్యాంకు మూతకూ ట్యాంకుకూ మధ్య రాగి జంపర్ (మధ్యలో రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది కాబట్టి), ఎల్‌టీ ప్యానెల్ బాడీకి రెండు చోట్ల, ఏబీ స్విచ్ (11 కేవీ లైన్‌ను తెరిచే స్విచ్) ఫ్రేము, దాని హ్యాండిల్. హ్యాండిల్ సంగతి మరీ ముఖ్యం, మనిషి చేత్తో పట్టుకునేది అదే. ఫెన్సింగ్ గేటుకు కీలు మీద నమ్మకం పెట్టుకోకుండా అల్లిన రాగి జంపర్ వేయండి.

దిమ్మె చుట్టూ, ఫెన్సింగ్ లోపల 100 మి.మీ. మందాన 20 మి.మీ. కంకర పరచండి. తడిసినా కంకర కరెంటును బాగా అడ్డుకుంటుంది, నిలబడ్డ మనిషి కాళ్ల గుండా పోయేది తగ్గుతుంది. వానాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గేదెలు పడి చనిపోయిన వార్తలు ఏటా చూస్తుంటాం. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి నేల మీది వోల్టేజీ తేడా వాటికి మనకంటే ఎక్కువ తగులుతుంది. మేత కోసం వచ్చే పశువులున్న చోట ఫెన్సింగ్‌ను దయచేసి ఖర్చుగా చూడకండి.

7వ అడుగు: లైటనింగ్ అరెస్టర్

11 కేవీకి 9 కేవీ, 5 కేఏ (5000 ఆంపియర్ల) అరెస్టర్లు వాడతారు. వాటి ఎర్త్ తీగ తిన్నగా, పొట్టిగా, వంపులు లేకుండా సొంత గుంతకు దిగాలి. నిటారు తీగకు మీటరుకు ఒక మైక్రోహెన్రీ దాకా ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. 5 కేఏ పిడుగు కరెంటు 8 మైక్రోసెకన్లలో ఎక్కితే మీటరుకు 600 వోల్టులు అదనం. పది మీటర్లు తిప్పితే 6000 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ మీద ఎక్కువ పడ్డట్టే. మిగిలిన తీగను అందంగా స్ప్రింగులా చుట్టే అలవాటు కొందరికి ఉంది. అది ఇండక్టెన్స్‌ను పెంచుతుంది. మిగిలింది కోసేయండి. పైన విడిగా దిగినా, కింద ఈ గుంత కూడా రింగ్‌లో కలవాలి.

8వ అడుగు: పరీక్ష, ఆ తర్వాతే చార్జింగ్

ఏ కనెక్షన్ ముట్టుకోవాలన్నా ముందు లైన్ క్లియర్ (లైన్‌లో కరెంటు ఆపినట్టు ఇచ్చే అనుమతి), ఏబీ స్విచ్ తెరిచి తాళం, హెచ్‌టీ, ఎల్‌టీ రెండు వైపులా డిశ్చార్జ్ రాడ్లు (తీగలను భూమికి కలిపే కడ్డీలు). ఎల్‌టీ వైపు ఎందుకంటారేమో. ఎవరో జనరేటర్ వేసి అది వెనక్కి ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ తిరగబడి 11 కేవీ తయారుచేస్తుంది. ప్రాణాలు పోయేది అలాగే.

గుంతలను ఒక్కొక్కటిగా లింకు విప్పి ఎర్త్ టెస్టర్‌తో కొలవండి. కరెంటు స్పైకు 30 మీటర్ల దూరంలో, వోల్టేజీ స్పైకు అదే గీత మీద 62 శాతం దూరంలో, అంటే దాదాపు 18.5 మీటర్ల దగ్గర. వోల్టేజీ స్పైకును రెండు మీటర్లు ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ చూడండి. మూడు రీడింగులూ దగ్గరదగ్గరగా ఉంటేనే నమ్మండి. తర్వాత అన్నీ కలిపి గ్రిడ్ మొత్తం కొలవండి, అప్పుడు స్పైకుల దూరం బాగా పెంచాలి, గ్రిడ్ మూలకూ మూలకూ మధ్య దూరానికి కనీసం ఐదు రెట్లు. గుంత నిండా నీళ్లు పోసిన గంటకు తీసిన రీడింగ్‌ను ఒప్పుకోకండి.

ఎర్త్ టెస్టర్ బాండింగ్ సంగతి చెప్పదు. ట్యాంకు నుంచి, ప్యానెల్ బాడీ నుంచి, లిఫ్ట్ మోటారు ఫ్రేము నుంచి న్యూట్రల్ ఎర్త్ బస్ దాకా తక్కువ ఓముల మీటరుతో కొలవండి. ఒక్క ఓములో చిన్న భాగమే రావాలి. ఎక్కడైనా ఓము దాటితే పెయింటో, వదులు బోల్టో ఉన్నట్టు.

మొదట లోడు లేకుండా చార్జ్ చేయండి. మూడు ఫేజులకూ న్యూట్రల్‌తో, తర్వాత అవే ఫేజులకు ఎర్త్‌తో వోల్టేజీ చూడండి. రెండు సెట్లూ ఒకేలా రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు సున్నా ఉండాలి. లోడు ఎక్కాక న్యూట్రల్ ఎర్త్ ఫ్లాట్‌కు క్లాంప్ మీటరు వేయండి. అక్కడ ఆగకుండా ఆంపియర్లు పారుతుంటే భవనంలో ఎక్కడో రెండోసారి న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపారన్నమాట. ఒక్కో ఫీడర్ ఆపుకుంటూ వెళ్తే ఆ బోర్డు దొరుకుతుంది.

ప్రతి గుంత గూడు మీద నంబరు, రీడింగ్, తేదీ పెయింటుతో రాయించండి. నిబంధన ప్రకారం రెండేళ్లకోసారి, వానలు లేని ఎండాకాలపు పొడి రోజున మళ్లీ కొలిచి రిజిస్టర్లో ఎక్కించాలి. మన ఎర్ర నేలల్లో అయితే ఏటా ఏప్రిల్, మే నెలల్లోనే కొలిపించండి. అదే రోజు స్పానర్‌తో న్యూట్రల్ బుషింగ్ బోల్టులూ ఒకసారి చూపించండి, అదీ లైన్ క్లియర్ తీసుకున్నాకే.